గాలి తగలని బోల్టులు

ఎల్డన్ కోర్కమ్ జనానికి నాసిరకం బోల్టులు అంటగట్టాడని మా రేవులో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నా హోటల్లో కూచుని, నేను కాచిన చేపల సూపు తాగుతూ, నా మొహం మీదే అంటారు. వాళ్ళ గిన్నెలో ఓ గరిటె తగ్గించి పొయ్యడం తప్ప నేను చెయ్యగలిగిందేమీ లేదు. ఊరి నోరు మూయించడం ఎవరి తరం? అందుకే జరిగింది జరిగినట్టు చెప్పేస్తున్నాను. నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు పోతారు.

ఎల్డన్‌ది పడవల సామాన్ల కొట్టు, నా హోటలుకి ఆనుకునే ఉంటుంది. తాళ్ళు, గొలుసులు, కొక్కేలు, బోల్టులు అమ్ముతాడు. పెళ్ళి చేసుకోలేదు, తోబుట్టువులు లేరు, ఒంటికాయ శొంఠికొమ్ము. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప. కానీ ఎవరైనా జెట్టీ కట్టుకుంటూ బోల్టుల కోసం వచ్చారా, ఇక ఆపలేం.

"ఎక్కడ బిగిస్తావు? నీళ్ళు తగిలే చోటేనా? అయితే ఆ 304 రకం స్టీలు కింద పెట్టు. అది నీ వంటింటి సింకుకి బాగుంటుంది, చెరువులో జెట్టీకీ సరిపోతుంది. మనది ఉప్పునీళ్ళు. 316 తీసుకో. ఖరీదెక్కువే, ఏడవకు."

"అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందిగా" అనే తెలివైనవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు.

"రెండూ అంటుకోవయ్యా. నీ అయస్కాంతం నీ జేబులో పెట్టుకో" అనేవాడు. జింకు పూసిన ఇనుప నట్టూ స్టీలు బోల్టూ కలిపి వాడతానంటే, ఉప్పునీళ్ళలో నట్టు తుప్పుపట్టి పోతుందని అసలు అమ్మేవాడే కాదు. కొత్త సరుకు వచ్చిందంటే అందులోంచి ఒక బోల్టు తీసి, తాడుకి కట్టి, కొట్టు కింద సముద్రంలోకి వేలాడదీసేవాడు. ఒక చలికాలం అది ఉప్పులో నాని పైకొచ్చి మచ్చ లేకుండా నిలబడితేనే మిగతావి బల్ల మీదికొచ్చేవి. అలాంటివాడు నాసిరకం అమ్మాడంటే నమ్మడానికి బుర్రలుండక్కర్లేదూ?

ఆ కొట్టులోకి బేరం లేకుండా వచ్చే మనిషి ఒక్కడే, కార్మన్ జ్విక్కర్. చేపలు పట్టేవాడు. పొద్దున్నే వచ్చి పొయ్యి పక్కన కూచుని ఎల్డన్‌తో క్రిబ్బేజ్ పేకాట ఆడేవాడు. గోడకి ఇవతల వంట చేసుకుంటున్న నాకు అన్నీ వినపడేవి.

"ఒరే ఎల్డన్, బోల్టులతో కాపరం చేస్తున్నావురా. పిల్లలు పుడితే నట్లే పుడతాయి నీకు."

"నట్లయితే నయం. నీలా అరవవు. ముక్క వెయ్యి."

కార్మన్ పడవ పేరు వెస్టా, అది వాళ్ళావిడ పేరు. ఆవిడ తండ్రి తన చేత్తో చెక్కి పెళ్ళికిచ్చిన పడవ. ఒక చలికాలం వెస్టాకి కడుపునొప్పి వచ్చింది. గ్యాసే, పొద్దున్నకి తగ్గిపోతుందిలే అన్నాడు కార్మన్. తగ్గలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆ మాట అన్నందుకు తనని తను ఎప్పుడూ క్షమించుకోలేదు. మనిషికి చెయ్యలేని సేవంతా ఆ తరవాత పడవకి చెయ్యడం మొదలుపెట్టాడు.

మా దగ్గర నీళ్ళు గడ్డకట్టకముందే తేలే జెట్టీలన్నీ ఒడ్డుకి లాగేస్తారు, మంచు కరిగాక మళ్ళీ దింపుతారు. ఆ చలికాలాల్లోనే తన షెడ్డు వెనక కూచుని, పడవ కట్టేసే జెట్టీకి అడుగున ఉన్న, ఎల్డన్ దగ్గర కొన్న బోల్టులన్నిటికీ కార్మన్ నల్ల టేపు చుట్టాడు. దాని మీద గ్రీజు పూశాడు. ఉప్పు చుక్క కూడా తగలకూడదని అతని తాపత్రయం. ఈ సంగతి ఎల్డన్‌తో చెప్పలేదు. చంటిపిల్లకి ఉన్ని టోపీ పెట్టినవాడు ఊరంతా తిరిగి చెప్పుకుంటాడా?

ఏళ్ళు గడిచాయి. ఓ సెప్టెంబరులో దక్షిణం నించి తుపాను తోక మా మీద పడింది. తెల్లారి చూస్తే కార్మన్ జెట్టీ సగానికి తెగి ఉంది. వెస్టా రాళ్ళ మీద ముక్కలై పడి ఉంది.

ఎల్డనూ నేనూ ఒడ్డున కొట్టుకొచ్చిన చెక్కలు ఏరుతున్నాం. ఒక దూలానికి బోల్టులింకా ఉన్నాయి. టేపు చాలక వదిలేసినవి కాబోలు, ఒకటి రెండు తళతళలాడుతున్నాయి. టేపు చుట్టినదాన్ని ఒకదాన్ని ఊడబీకి ఎల్డన్ గోరుతో ఒలిచాడు. లోపల అది ఎలుక కొరికిన కొవ్వొత్తిలా ఉంది.

"ఏమిటయ్యా ఇది?" అన్నాను.

"స్టీలుని కాపాడేది గాలే లోర్నా. గాలి ఆడుతుంటే గీత పడ్డా, తుప్పుని ఆపే పైపొర దానంతటదే కట్టుకుంటుంది. టేపు చుడితే లోపలికి దూరిన ఉప్పునీళ్ళు అక్కడే ఉండిపోతాయి, గాలి అందదు. పైకి తెలీకుండా తినేస్తుంది. వీడు... వీడు ప్రేమతో చంపాడు దీన్ని."

అప్పుడే కార్మన్ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి.

"చెప్పరా ఎల్డన్. నీ బోల్టులా, నా చెయ్యా? నా చెయ్యే అయితే చెప్పెయ్. ఆవిడనీ నేనే చంపుకున్నాను, ఆవిడ పడవనీ నేనే చంపుకున్నాననుకుంటాను."

ఎల్డన్ పిడికిలి జేబులోకి పోయింది. ఒలిచిన బోల్టు అందులోనే ఉంది.

"నా పొరపాటురా" అన్నాడు. "డబ్బాలు మారిపోయాయి. నీకు 304 ఇచ్చేశాను."

"నిన్నొక్కణ్ణే నమ్మానురా" అని కార్మన్ వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు మతిపోయిందా? రేపటినించి నీ గడప ఎవరైనా తొక్కుతారా?"

"గోరుచుట్టు మీద రోకటిపోటు ఎందుకే. కొట్టుకేముంది? వాడు తట్టుకోలేడు."

నేనన్నట్టే అయింది. మా రేవు మంచిది, అబద్ధమైతే చాలు ఆమడ దూరం మోస్తుంది. అందరూ టౌనుకెళ్ళి బోల్టులు కొనుక్కోవడం మొదలుపెట్టారు. నిజం చెప్పేస్తానని నేను బెదిరించినప్పుడల్లా ఎల్డన్ చెయ్యి పట్టుకుని బతిమాలేవాడు. పొద్దున్నే గోడవతల ముక్కలు పంచే చప్పుడు వినపడేది. ఎవరొచ్చారా అని ఓ రోజు తొంగిచూశాను. ఎవరూ రాలేదు. ఇటు ముక్కా తనే వేసి, అటు ముక్కా తనే వేసుకుంటున్నాడు. ఆ దృశ్యం చూసి నాకు ఏడుపొచ్చింది. చేప కట్లెట్లు వేయించి తీసుకెళ్ళాను. సగం తిని సగం వదిలేశాడు.

తరవాతి ఏడాది కార్మన్ ఓ పాత చిన్న పడవ కొనుక్కుని కొత్త జెట్టీ కట్టాడు. వేసవంతా ఆ పడవలోనే పడుకునేవాడు. ఇంట్లో నిద్ర పట్టేది కాదట. రెండో వేసవిలో ఓరోజు ఎల్డన్ మొహం పాలిపోయి నా వంటింట్లోకొచ్చాడు.

"మళ్ళీ టేపు చుట్టాడు లోర్నా. అడుగున ఉన్నవాటన్నిటికీ. ఈసారి అది తెగితే వాడు లోపలుంటాడు."

"వెళ్ళి చెప్పు మరి."

"నీకెలా తెలుసంటాడు. అప్పుడు అన్నీ చెప్పాలి."

నేనే వెళ్ళి, టేపు చుట్టకయ్యా, స్టీలుకి గాలి తగలాలట అన్నాను. "ఎవరు చెప్పారు, ఆ దొంగేనా?" అని అటు తిరిగిపోయాడు.

ఇక ఎల్డన్‌కి తోచింది ఒక్కటే. ఆదివారం కార్మన్ చర్చికెళ్ళినప్పుడు కత్తి పట్టుకెళ్ళి టేపు కోసేసి వచ్చాడు. కార్మన్ అది ఆకతాయిల పననుకుని మళ్ళీ చుట్టాడు. మరుసటి ఆదివారం ఎల్డన్ మళ్ళీ వెళ్ళాడు. కార్మన్ ఆరోజు చర్చికి పోలేదు.

నేను కిటికీ దగ్గర బంగాళాదుంపలు చెక్కుతున్నాను. నీళ్ళ మీద మాట ఎంత దూరమైనా వినపడుతుంది.

"దీన్ని కూడా ముంచుదామని వచ్చావురా?" కార్మన్ ఎల్డన్ మణికట్టు పట్టుకున్నాడు.

"ముందిది చూడు. చూశాక కొడుదువుగాని."

జెట్టీ అంచున బోర్లా పడుకుని, చెయ్యి కిందికి పెట్టి, ఎల్డన్ ఒక బోల్టు మీది టేపు ఒలిచాడు. కార్మన్ కూడా బోర్లా పడుకుని చూశాడు. నేను చెక్కుతున్న దుంప పక్కన పెట్టేసి జెట్టీ మీదికి పరిగెత్తి నేనూ వంగి చూశాను. టేపు కింద గోధుమరంగు చార, సూదితో పొడిచినట్టు గుంటలు. పక్కనే పైచెక్కకి ఉన్న టేపు లేని బోల్టు తెల్లగా ఉంది.

కార్మన్ ఆ గుంటల్ని వేలితో తడిమి చూశాడు.

"అయితే అప్పటివి..." అన్నాడు కార్మన్.

"316 రా. మంచివే."

"డబ్బాలు మారాయన్నావుగా."

"అన్నాను."

ఇప్పుడు కావలించుకుంటారు, రేపు పొద్దున్న గోడవతల ఇద్దరి గొంతులూ వినపడతాయి అనుకున్నాను. పిచ్చిదాన్ని. కార్మన్ మెల్లిగా ఎల్డన్ చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. మిగతా టేపంతా తనే కోశాడు, ఒక్కో బోల్టుకీ ఆగుతూ. కత్తి మడిచి తిరిగిచ్చాడు. ఎల్డన్ మొహంలోకి మాత్రం చూడలేదు. నన్ను దాటుకుని ఇంటికి నడిచాడు.

ఆ వారంలోనే ఇంటికి తాళం వేసి హాలిఫాక్స్ పట్నంలో చెల్లెలు గ్రెటా దగ్గరికి వెళ్ళిపోయాడు. పడవ ఎవరికో ఇచ్చేశాడు. నాకు కోపం ఆగలేదు. తిట్టినన్నాళ్ళూ ఊళ్ళోనే ఉన్నావు, మంచివాడని తెలిశాక పారిపోతావా? అదేమంటే సిగ్గట. ఒక మనిషి నీ కోసం పరువు పోగొట్టుకుంటే, నువ్వు పడాల్సిన సిగ్గు అతని ఎదురుగా కూచుని పడాలి.

ఎల్డన్ ఫోను చేస్తూనే ఉన్నాడు. కొట్టు నంబరు చూస్తే అక్కడ ఎత్తడం లేదు. క్రిస్మస్ ముందు నా ఫోను అడిగాడు. అతనికి చెవులు సరిగా వినపడవని స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను.

గ్రెటా ఎత్తింది. ఎల్డన్ గొంతు వినగానే తడబడింది. "కార్మన్ లేడండీ. బయటికెళ్ళాడు."

ఆమె వెనకాల ఎవరో దగ్గుతున్నారు. పొడిదగ్గు, ఎంతకీ తెగడం లేదు. అదెవరో మా ఇద్దరికీ తెలుసు. నేను నోరు తెరవబోతే ఎల్డన్ వద్దని తలూపాడు.

"సరేనమ్మా" అన్నాడు ఫోను మీదికి వంగి. "వచ్చాక, ఆ దగ్గు డాక్టరుకి చూపించుకోమని చెప్పు. ఆలస్యం చెయ్యొద్దని చెప్పు."

అవతల కార్మన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు కాబోలు, దగ్గు ఆగిపోయింది.