రాగిజావ రాసుకున్న ఆదివారాలు

వారంలో ఆరు రోజులు చిత్తూరులో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పి, ఏడో రోజు పొద్దున్నే ఐరాల బస్సెక్కేవాణ్ణి. ఐరాలలో దిగి షేర్ ఆటోలో పోతే ఒక చిన్న ఊరు, ఆ ఊళ్ళో నలభై మంది పిల్లల ప్రాథమిక పాఠశాల. ఆదివారాల్లో ఆ బళ్ళో ఒక గది మాకిచ్చారు. మధ్యలో చదువు మానేసి, ఓపెన్ టెన్త్ కట్టినవాళ్ళు పదిమంది దాకా వచ్చేవాళ్ళు. పదిహేడేళ్ళ అమ్మాయి నుంచి నలభై ఎనిమిదేళ్ళ తల్లి దాకా అందరూ పిల్లల బెంచీల మీద మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేవాళ్ళు.

ఆ నలభై ఎనిమిదేళ్ళ తల్లి ఆ బళ్ళోనే మధ్యాహ్న భోజనం వండేది. గది తాళంచెవి, వంటింటి తాళంచెవి రెండూ ఆమె కొంగుకే ఉండేవి. పదిహేడేళ్ళ అమ్మాయి మామిడికాయల సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది, మిగతా నెలల్లో ఇంట్లో ఉండేది. తొమ్మిదిలో బడి మానేసిందట. ఎప్పుడు చూసినా నోటు పుస్తకం అంచుల్లో బొమ్మలు గీస్తూ ఉండేది. ఆమెకు వంటావిడ వరసకు మేనత్త.

మొదటి కొన్ని నెలలు నా పాఠం ఏమంత బాగా సాగలేదు. పరీక్షలో లేఖ వస్తుందని లేఖలు రాయించాను. సెలవు చీటీ, పత్రిక సంపాదకునికి లేఖ, మిత్రునికి లేఖ. అందరూ గైడులో ఉన్నది ఉన్నట్టు దించేవాళ్ళు. వంటావిడ గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా, తన జీవితంలో లేని మిత్రుణ్ణి తిరుమల యాత్రకు పిలిచింది. ఇది కాదు, నీకు నిజంగా ఎవరికి రాయాలనుందో వాళ్ళకు రాయమ్మా అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఎవురికీ లేదు సార్. అందురూ ఈడనే ఉండారు గదా. పిలిస్తే పలుకుతారు."

బస్సులో చిత్తూరు తిరిగి వస్తూ, రాత అనేది మనిషి ఎదురుగా లేనప్పటి కోసం కదా, మనిషి ఎదురుగానే ఉన్న ఊళ్ళో దాన్ని ఎట్లా నేర్పాలి అని అనుకుంటూ కూర్చున్నాను.

రెండు వారాలకు ఆమెకే అవసరం పడింది. కడుపులో చిన్న గడ్డ ఉందని, భయపడేదేమీ లేదుగానీ తీసెయ్యాలని తిరుపతి ఆసుపత్రిలో చెప్పారట. ఆపరేషనయ్యాక నెల రోజులు బరువులెత్తకూడదన్నారు. బళ్ళో వంటకు ఆమె ఒక్కతే. పక్క పల్లె నుంచి ఒకామె ఆ నెలకు వస్తానని ఒప్పుకుంది కానీ పనికి పోయే ఆమె కాబట్టి ముందుగా వచ్చి నేర్చుకునే తీరిక లేదు. ఆ సంగతంతా చెప్పి, "సార్, రాసి పెట్టేసి పోతే సరిపోతాది గదా" అంది వంటావిడ.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. గైడు పక్కన పెట్టేశాం. రాగిజావతో మొదలుపెడదామన్నాను. వారంలో మూడు రోజులు పొద్దున పిల్లలకు జావ ఇస్తారు. ఆమె అరగంటలో రాసి ఇచ్చింది. నాలుగే వాక్యాలు. ఎసరు పెట్టాలి. మరిగినాక పిండి వెయ్యాలి. బెల్లం సరిపడా వెయ్యాలి. ఉడికినాక దించాలి.

బాగుందా అని అడిగింది. బాగుందో లేదో చూద్దాం, వచ్చే ఆదివారం ఇది చూసి నేనే చేస్తాను అన్నాను. నేను గూడూరువాణ్ణి. మా ఇంట్లో అన్నం తప్ప వేరే ఎరగం. జావ కాచడం నేనెన్నడూ చూడలేదు. పరీక్షకు నా కంటే తగినవాడు ఆ మండలంలో దొరకడు.

బడి సరుకులు ముట్టుకోకుండా ఆమె ఇంటి నుంచే పిండీ బెల్లమూ తెచ్చింది. షరతు ఒకటే: నేను చేస్తున్నంతసేపూ ఆమె నోరు తెరవకూడదు. కాగితంలో లేనిది చెప్పకూడదు. క్లాసంతా వంటింటి గుమ్మం దగ్గర గుంపు కట్టింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

నేను గిన్నె నిండా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. ఎంత పొయ్యాలో కాగితంలో లేదు. మరిగాయి. పిండి వెయ్యాలి అని ఉంది, వేశాను. సంచిలోంచి నేరుగా మరిగే నీళ్ళలోకి. కొంగు వెనక నుంచి ఒక మూలుగు వినిపించింది. నీళ్ళ మీద నిమ్మకాయలంత ఉండలు తేలాయి. గరిటెతో ఒకదాన్ని చిదిపితే లోపల పొడి పిండి అట్లాగే ఉంది. బెల్లం సరిపడా అన్నారు, నాకు తీపి ఇష్టం, అచ్చు మొత్తం వేసేశాను. కలపాలని ఎక్కడా రాయలేదు కాబట్టి కలపలేదు. అడుగంటిన వాసన రాగానే ఇదే ఉడకడమేమో అనుకుని దించాను.

అందరూ పడీ పడీ నవ్వారు. పదిహేడేళ్ళ అమ్మాయి గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుంది. ఒక్క వంటావిడ నవ్వలేదు. గిన్నెలోకి చూసి, చేతిలో కాగితం చూసి, మళ్ళీ గిన్నెలోకి చూసింది.

"నేను రాసిందే సార్ చేసినారు. చన్నీళ్ళలో పిండి కలపాలని రాయలా. అది అందురికీ తెలిసిందే గదా అనుకున్నా."

అక్కడే నేల మీద కూర్చుని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. నేను పదిహేనేళ్ళుగా పాఠం చెబుతున్నాను. తన వాక్యాన్ని అంత కోపంగా కొట్టేసి తిరగరాసిన విద్యార్థిని అప్పటిదాకా చూడలేదు.

రెండో ఆదివారం ఒక పేజీ అయింది. చారెడు పిండి అని రాసింది. నా చారెడు, ఆమె చారెడు పక్కపక్కన పోసి చూస్తే నాది ఒకటిన్నర రెట్లుంది. చారెడు పోయి టీ గ్లాసు వచ్చింది. నీళ్ళు ఎంత అంటే, ఆ బళ్ళో ఉన్న పెద్ద అండాలో ఎంతవరకో తన కంటికి తెలుసు, మాటకు తెలియదు అంది. మేకుతో అండా లోపల ఒక గీత గీసి, గీత దాకా నీళ్ళు అని రాశారు. మూడో ఆదివారానికి పులిహోర, కూరగాయల అన్నం, పప్పు, గుడ్లు అన్నీ చేరి ఆరు పేజీలైంది. నేను చేసిన జావను ఆ రోజు అందరూ రెండేసి గ్లాసులు తాగారు. వంటావిడ ఆరు పేజీలనూ ప్లాస్టిక్ కవరులో పెట్టి, బెల్లం మరకలతో సహా భద్రంగా దాచింది.

ఆసుపత్రికి పోయే ముందు ఆదివారం, కొత్తగా వంటకు వచ్చే ఆమె కాగితాలు తీసుకుపోవడానికి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెత్తని మనిషి. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడింది. వంటావిడ కవరు ఆమె చేతిలో పెట్టి, మొదటి పేజీ సదువు, మా సార్ వింటారు అంది. ఆమె కాగితాలు తీసుకుంది, నెమ్మదిగా ఒక్కో పేజీ తిప్పింది, తిరిగి ఇచ్చేసింది.

"నాకు సదువు రాదక్కా. నోటితో సెప్పు, పెట్టుకుంటా."

మూడు వారాలుగా అండా గీత గురించి, గ్లాసుల గురించి కొట్లాడుకున్నవాళ్ళలో ఒక్కరికీ, అందరికంటే ముఖ్యంగా నాకు, చదివే మనిషికి చదువు వచ్చా అని అడగాలని తోచలేదు. నా ముఖం ఎట్లా మారిందో గానీ వంటావిడ నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది. కొత్తామె భయపడి, తను చేసిన తప్పేమిటని అడిగింది. నీది కాదు, మాదే అని చెప్పాను.

నోటితో చెప్పారు. జావ ఒక్కసారికే వచ్చేసింది ఆమెకు. కానీ ఏ రోజు ఏం వండాలి, గుడ్డు ఏ రోజు, ఏ రోజు లేదు అన్నది రెండుసార్లు చెప్పినా కలిసిపోయింది. అప్పుడు పదిహేడేళ్ళ అమ్మాయి లేచి, గోడకున్న పాత క్యాలెండర్ తీసి వెనక్కి తిప్పి నేల మీద పరిచింది. ఆరు గళ్ళు గీసి, ఒక్కో గడికి ఒక్కో రోజు అంది. రోజు పేరు చదవలేని మనిషికి రోజును ఎట్లా చూపించాలి? నేను చెప్పబోయి ఆగాను. కొత్తామెనే అడిగాం.

ఆమె చెప్పినవన్నీ అమ్మాయి గీసింది. శనివారానికి నామం. సోమవారానికి విభూతి గీతలు. శుక్రవారానికి పసుపు పూసిన గడప. బుధవారం పక్కూళ్ళో సంత, దానికి గంప. మంగళవారం క్షవరం షాపు మూస్తారని ఒక కత్తెర గీసి దాని మీద అడ్డగీత. గురువారానికి ఎవరికీ ఏమీ తోచలేదు. పైన ఏ గుర్తూ లేనిదే గురువారం అని కొత్తామె తేల్చేసింది.

ఆ తర్వాత వంట. గీతతో సహా అండా, దాని పక్కన గ్లాసుల వరస, తెడ్డు పట్టుకున్న చెయ్యి. ఆపకుండా కలపాలి అన్నదానికి చెమట కారుతున్న ఆడమనిషి ముఖం గీసింది. ఇది నేనే అని కొత్తామె మొదటిసారి నవ్వింది. పచ్చి వాసన పోయేదాకా అన్నదానికి మాత్రం చాలా తంటాలు పడ్డాం. అమ్మాయి ముక్కు గీసి అడ్డగీత కొడితే, ముక్కు మూసుకోవాలా అని అడిగిందామె. చివరకు ఆ ఒక్క మాటా వంటావిడ గొంతుతో కొత్తామె ఫోన్‌లోకి వాయిస్ మెసేజ్‌గా పోయింది. తమాషా ఏమంటే, బొమ్మలకు వరస పెట్టేటప్పుడు వంటావిడ ఆ ఆరు పేజీలనే ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం చదివి చెప్పింది. రాసుకున్నది ఊరికే పోలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. తిరుపతి నుంచి వచ్చిన వారానికి ఇంటికి పోయి చూశాను. మంచం మీద కూర్చుని ఉంది, నొప్పి లేదు, తోచడం లేదు అంది. బడి పిల్లలను దారిలో ఆపి జావ ఎట్లుందని అడుగుతోందట. అట్లనే ఉండాది అని వాళ్ళు చెప్పినప్పుడల్లా సంతోషపడాలో బాధపడాలో తెలియడం లేదని నవ్వుతూ చెప్పింది.

నెల తర్వాత ఆమె మళ్ళీ వంటింట్లో అడుగుపెట్టింది. ఆ ఆదివారం నేను పోయేసరికి వంటింటి గోడకు తగిలించిన ఆ క్యాలెండర్ ముందు నిలబడి ఉంది. మంగళవారం గడిలో, అండా బొమ్మ పక్కన, బొగ్గుతో గీసిన కొత్త బొమ్మ ఒకటి ఉంది. మా పదిహేడేళ్ళ అమ్మాయి చెయ్యి కాదది. వంకరగా రెండు వేళ్ళు, వాటి కింద మూడు చుక్కలు. గురువారం గడిలోనూ, శనివారం గడిలోనూ అదే.

"ఇదేంది సార్?" అంది. నాకూ తెలియలేదు. ఆమె దగ్గరికి జరిగి, తన వేళ్ళు రెండూ ఆ బొమ్మలో ఉన్నట్టే పెట్టి చూసుకుంది. ఆ వేళ్ళను ఒకసారి నలిపింది. ముఖం విప్పారింది.

"ఉప్పు సార్ ఇది. సిటికెడు ఉప్పు." వెంటనే ముఖం ముడుచుకుంది. "బెల్లం జావలో ఉప్పేంటికి?"

అక్షరం రాని మనిషి రాసి పెట్టి పోయింది, ఎదురుగా లేకుండానే ఈమెకు చెప్పింది, ఈమె చదువుకుని పోట్లాటకు దిగింది. నేను ఆ సంవత్సరమంతా నేర్పాలని ఆపసోపాలు పడింది అదే. ఆ మాట ఆమెతో చెప్పలేదు. చెబితే, మీకన్నీ పాఠాలే సార్ అనేది.

మంగళవారం ఒక గ్లాసులో మాత్రం ఉప్పు వేసి చూసిందట. బాగుంది అని నాతో అనలేదు. కానీ క్యాలెండర్ మీది బొగ్గు మరకను తుడవనూ లేదు. ఆ తర్వాత నేను తాగిన జావలో తీపి కొంచెం ఎక్కువగా తెలిసేది. కొత్తామె వేరే ఊరి బళ్ళో వంటకు కుదిరింది. పోతూ పోతూ ఆ క్యాలెండర్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకుని పోయిందని అమ్మాయి చెప్పింది. అక్కడి అండా వేరే కాబట్టి గీత వేరే గీసుకోవాల్సి ఉంటుంది. ఆ సంగతి ఆమెకు నేను చెప్పనక్కర్లేదు.

వేసవిలో పరీక్షలయ్యాయి. తెలుగు పేపర్లో వంటావిడ అదనపు కాగితం అడిగి తీసుకుందని విని, ఎంతో భయపడి, ఏం రాశావమ్మా అన్నాను. మిత్రునికి లేఖ వచ్చిందట. ఆపరేషన్‌కు పోతూ, నెల రోజులు ఇంట్లో పనులు ఎట్లా చూసుకోవాలో స్నేహితురాలికి రాసిందట. ఆవుకు మేత ఎప్పుడు వెయ్యాలో, మోటారు స్విచ్చి ఏ వైపు తిప్పాలో అన్నీ.

బళ్ళు తెరిచాక, ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. వెనక పిల్లల గోల, పళ్ళేల చప్పుడు.

"తెలుగు పాసైనా సార్. లెక్కలు పొయ్యింది."

పోతే మళ్ళీ కట్టొచ్చులే అన్నాను. కడతా సార్, మా మేనకోడలు పాప అన్నిట్లో పాసైంది, ఆదివారాలు అదే నాకు లెక్కలు సెప్తాదంట అంది. మేనత్తనని చూడకుండా ఖరాఖండిగా ఉంటుందట పాఠం చెప్పేటప్పుడు, తప్పు చేస్తే మొట్టికాయ కూడా వేస్తుందట. ఇంకా ఏదో చెప్పబోయి, పప్పు పొంగుతా ఉండాది సార్ అని ఫోన్ పెట్టేసింది.