కుడి రెక్కలో దొరికిన చోటు

1999 నవంబరులో రాజమండ్రి విమానాశ్రయంలో ఉన్న ఒక చిన్న సర్వే విమానానికి నన్ను ఏవియానిక్స్ ఇంజనీరుగా వేశారు. విమానంలోని ఎలక్ట్రికల్ పరికరాలన్నీ సరిగా ఉన్నాయని నేను సంతకం పెడితేనే అది ఎగరాలి. ఉప్పాడ దగ్గర సముద్రం తీరాన్ని ఎంతమేర కోసేసిందో పైనుంచి ఫొటోలు తీయడం దాని పని.

అప్పుడే దానికి కొత్త దిక్సూచి వచ్చింది. ముల్లు పైలట్ ఎదుట ఉంటుంది. దిక్కును పసిగట్టే సెన్సర్‌ను మాత్రం ఇంజనుకు, ఇనుముకు దూరంగా రెక్కలో బిగించాలి. డ్రాయింగులో ఎడమ రెక్క చివర చూపించారు, అక్కడే బిగించాం. విమానాన్ని పన్నెండు దిక్కులకు తిప్పి ప్రతి దిక్కులోనూ ముల్లు చూపేదానికీ అసలు దిక్కుకూ ఎంత తేడా వస్తుందో చూడడాన్ని ‘స్వింగ్’ అంటారు. అదీ చేశాను. తేడా ఒక డిగ్రీ లోపే ఉంది. సంతకం పెట్టాను.

వారం తిరక్కుండానే పైలట్ కెప్టెన్ రాజు గారు ఉప్పాడ నుంచి వచ్చి దిగీ దిగగానే నా బల్ల దగ్గరికి వచ్చారు. భీమవరం వైపు మనిషి, మామూలుగా గొంతు పెంచరు.

“ఏంటండీ మేడమ్ ఇది? మంచు కమ్మిందని ల్యాండింగ్ లైటు వేశాను. రన్‌వే రావాల్సిన చోట గోదావరి బ్రిడ్జీలు కనపడ్డాయి. అవతల కొవ్వూరు! సముద్రం మీదకి వెళ్ళేటప్పుడు ఇలా అయితే మా గతేంటండీ?”

వెంటనే విమానమెక్కి ఆ లైటు వేశాను. ముల్లు పన్నెండు డిగ్రీలు పక్కకు జరిగింది. ల్యాండింగ్ లైటు ఉన్నది ఎడమ రెక్కలోనే. దాని తీగలో కరెంటు పారగానే చుట్టూ పుట్టే అయస్కాంత ప్రభావం సెన్సర్‌ను లాగేస్తోంది. స్వింగ్ నేను లైట్లు ఆర్పి చేశాను.

‘లైట్లు వేసినప్పుడు దిక్సూచిని నమ్మవద్దు’ అని స్టిక్కరు అంటించి పంపెయ్యమన్నారు మేనేజరు గారు ఫోన్లో. లైట్లు కావలసింది కళ్ళకేమీ కనపడనప్పుడు, దిక్సూచి కావలసిందీ అప్పుడే. కుదరదని చెప్పాను. పరీక్ష అసంపూర్తిగా చేశానని, లోపం నాదేనని లాగ్‌బుక్కులో రాసి విమానాన్ని ఆపేశాను.

రేకు పనిలో ముప్పై ఏళ్ళ అనుభవమున్న టెక్నీషియన్ సూర్యారావు గారు నాకు తోడు నిలిచారు. సెన్సర్‌కు పొడుగు వైరు కలిపి, టేపుతో ఒక్కో చోట తాత్కాలికంగా అంటించి చూశాం. ప్రతి చోటా స్విచ్‌లన్నీ ఒక్కొక్కటిగా, తర్వాత అన్నీ కలిపి వేశాం. రెక్కల వెనక కదిలే పలకలను పైకీ కిందికీ చివరంటా తిప్పాం. తోకలో స్టీలు కేబుళ్ళు కదిలినప్పుడల్లా ముల్లూ కదిలింది. కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం తీగ అడ్డొచ్చింది. రెక్క లోపల అడ్డుబద్దల మధ్య గదుల్లాంటి ఖాళీలుంటాయి, అక్కడి నుంచి రెండు గదులు లోపలికి జరిపితే ముల్లు కదల్లేదు. తనిఖీ కోసం అక్కడ ముందే ఒక మూత ఉంది కనుక రెక్కకు కొత్త కన్నం అక్కర్లేదు. డ్రాయింగు మార్చే అధికారం నాకు లేదు. కొలతలన్నీ ఫ్యాక్సు చేసి డిజైన్ ఆఫీసు అనుమతి తెప్పించుకున్నాను.

తీరా అక్కడ బిగించి స్వింగ్ చేస్తే కొన్ని దిక్కుల్లో మూడు డిగ్రీల తేడా! సూర్యారావు గారు చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి, సెన్సర్‌ను బిగించిన ఒక్కో నట్టు దగ్గర వేలాడదీశారు. రెండింటి దగ్గర అది అతుక్కుపోయింది.

“డబ్బా మీద ఇత్తడి అని రాశారండీ. ఇవి పైపూత పూసిన ఇనపవి,” అన్నారు.

ఆ రెండూ మార్చాక తేడా మళ్ళీ ఒక డిగ్రీ లోపలికి వచ్చింది, లైట్లు వేసినా ఆర్పినా.

నాలుగో రోజు పొద్దున్న సంతకం పెడుతుంటే రాజు గారు అడిగారు. “ఈసారి మీరు కూడా ఎక్కుతారా మేడమ్?”

ఎక్కాను. ఉప్పాడ నుంచి వచ్చేటప్పుడు లైట్లన్నీ వేసే ఉంచమన్నాను. మంచు ఇంకా విడలేదు, కింద పొలాలు ఉండీ లేనట్టున్నాయి. ఇరవై నిమిషాలూ రాజు గారు ముల్లు చూపిన దిక్కునే నడిపారు. విమానం ముక్కుకు సూటిగా రన్‌వే బయటపడింది.

“సరిగ్గానే తెచ్చిందండీ,” అన్నారాయన.

సెన్సర్ స్థానాన్ని కాగితం చూసి ఖాయం చేయకూడదు. విమానంలో ఒకేసారి పనిచేయగలిగినవన్నీ పనిచేస్తుండగా కొలిచి ఖాయం చేయాలి. రిటైరయ్యే దాకా ప్రతి స్వింగ్‌నూ రెండుసార్లు చేశాను, లైట్లు ఆర్పి ఒకసారి, వేసి ఒకసారి.