నాలుక మీద పెట్టనిది

భోజన్న తన మక్కచేను గట్టు మీద వేర్లు తవ్వనివ్వలేదన్న పగతోనే వెంకవ్వ అతని మనవరాలికి మందు ఇవ్వలేదని ఆర్మూర్ పసుపు మార్కెట్లో చెప్పుకుంటారు. అది మూడేళ్ల కిందటి పగ అనీ, లోపల్లోపలే ఊరిందనీ కలుపుతారు. చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆమె చేతి మందు తిన్నవాళ్లే.

వెంకవ్వది ధర్పల్లి అవతల గుట్టల్లోని నాయకపోడు గూడెం. వారానికి రెండుసార్లు బస్సెక్కి వచ్చి మార్కెట్ గేటు పక్కన గోనెపట్టా పరుస్తుంది. నేను ఏడో తరగతిలో బడి మానేసి, అంబదాస్ సేటు దుకాణం ముందు పసుపు కొమ్ములు ఏరే పనికి వచ్చినప్పటినుంచి ఆమెను చూస్తున్నాను. కడుపునొప్పికి ఒక వేరు ఇచ్చేది. దాని పేరు ఎవరికీ చెప్పదు. ఇచ్చేముందు కొస కొరికి, కళ్లు మూసుకుని నమిలేది. మొదట చేదు తగిలి తర్వాత తీపి వస్తేనే ఇచ్చేది. అచ్చం అలాంటి తీగే ఇంకొకటి ఉంది. ఆకూ అంతే, వేరూ అంతే, కానీ చివరిదాకా చేదే. అది మనిషిని పడగొడుతుంది.

"నాలుక మీద పెట్టనిది చేతిల పెట్టొద్దు. మా అవ్వ మాట గిది" అని ఒకసారి నాతో అంది.

కొన్నేళ్లుగా ఆమె పట్టా మీద చీపుర్లు, కుంకుడుకాయలే ఉంటున్నాయి. వేర్లు తెస్తుంది గాని ఎవరికీ ఇవ్వదు.

మొన్న మాఘమాసంలో భోజన్న మాక్లూర్ నుంచి పసుపు తెచ్చాడు. వెంట మనవరాలు అంకిత, కడుపు పట్టుకుని వంగిపోయి ఉంది.

"వెంకవ్వా, జర గా వేరియ్యి. పొద్దటిసంది పిల్ల మెలికలు తిరుగుతున్నది."

వెంకవ్వ సంచిలోంచి వేరు తీసి కొస కొరికింది. చాలాసేపు నమిలింది. ఉమ్మేసి, వేరును మళ్లీ సంచిలోనే వేసింది.

"లేదు పటేలా. దవాఖానకు తీస్కపో."

"చేతిల పట్టుకొని లేదంటవా? మా అమ్మకిచ్చినవ్, నాకిచ్చినవ్. గా చేను ముచ్చట ఇంకా యాదిల పెట్టుకున్నవా?"

ఆమె తలెత్తలేదు. "ఆల్శెం చెయ్యకు. పో."

అంకిత ఐదు రోజులు దవాఖానలో ఉండి బయటపడింది. భోజన్న అన్న మాట మాత్రం మార్కెట్లోనే ఉండిపోయింది. ఆమెను గేటు దగ్గర కూర్చోనివ్వొద్దని హమాలీలు సేటుకు చెప్పారు.

తర్వాతి వారం మధ్యాహ్నం అందరం సద్దులు విప్పాం. నాతో కొమ్ములేరే రామవ్వ ఊరుకోలేదు.

"వెంకవ్వా, పగకు గూడ మందున్నదా నీ దగ్గర?"

వెంకవ్వ తన సద్ది గిన్నె ముందుకు జరుపుకుంది. నేను తెచ్చిన కాకరకాయ కూర అందరికీ తలా కొంచెం పెట్టాను. రామవ్వ నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"థూ! గిదేం కూరనే పిల్లా! పెండ్లి గాకముందే మొగనికి గింత చేదు వండుతున్నవ్!"

అందరూ నవ్వారు. వెంకవ్వ తన ముద్ద తినేసి వేళ్లు నాకింది.

"మంచిగనే ఉన్నది బిడ్డా. ఉప్పు సరిపోయింది."

ఆ కూరలో నేను ఉప్పు వేయడమే మరిచిపోయాను.

అందరూ పనిలోకి వెళ్లాక ఆమె పక్కన కూర్చున్నాను.

"అవ్వా, గా వేరు నేను నమిలి చెప్తా. నాకు నేర్పు."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తప్పు వేరైతే? నీ నాలుకకు నేర్పాల్నంటె ముందు నాకు తెల్వాలె గద."

"మరి ఉన్నదున్నట్టు చెప్పరాదా? పగ అంటున్నరు."

"అననీ. పగంటె రేపు మళ్ల బతిమాలుతరు. గీ సంగతి తెలిస్తె, ఇన్నేండ్లు నేనిచ్చినయన్ని అనుమానపడ్తరు. ఎవ్వరికి చెప్పకు బిడ్డా."

నేను చెప్పలేదు. మూడు వారాలుగా గేటు పక్కన పట్టా లేదు.

"పగ తీరింది, ఇగ రాదు" అని నిన్న రామవ్వ అంది. నేను కొమ్ముల మీంచి తలెత్తలేదు.

కరోనా జ్వరం వచ్చిపోయిన నాటినుంచి వెంకవ్వ నాలుకకు చేదూ తీపీ తెలియవు.