మాగను సాల్మన్ అన్న పూట

మొన్న హనుమకొండలో కొత్తగా తెరిచిన చేపల దుకాణానికి వెళ్లాను. దుకాణం అంటే వాళ్లకు కోపం రావచ్చు. లోపల చలికి నా కళ్లద్దాలు తెల్లబడ్డాయి, మోకాళ్లు రెండూ రాజీనామా ఇచ్చాయి. అద్దాల పెట్టెలో మంచు మీద, పెళ్లికొడుకు పడుకున్నట్టు ఒక వెండి రంగు చేప పడుకుని ఉంది. దవడ కింద సన్నటి పోగులు చూసి వెంటనే గుర్తుపట్టాను. “మాగ ఎప్పుడొచ్చిందమ్మా?” అన్నాను. అక్కడున్న అమ్మాయి నన్ను జాలిగా చూసి, “అది ఇండియన్ సాల్మన్ అంకుల్. మాగ గీగ మా దగ్గర ఉండయి,” అంది. అసలు సాల్మన్ మంచుదేశాల చేప అనీ, మన సముద్రపు మాగకు దానితో ఏ చుట్టరికమూ లేదనీ, ఎప్పుడో దొరలు తమ ఊరి చేప మీద బెంగతో దీనికి ఆ పేరు తగిలించి ఉంటారనీ చెబుదామనుకున్నాను. నా వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. చెప్పకుండా బయటికొచ్చాను.

నాకీ చేపను పరిచయం చేసింది మా అత్తగారు. నాది రఘునాథపల్లి దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. బొచ్చె, రవ్వ, కొర్రమీను అనే ముగ్గురు తప్ప చేపల్లో నాకు నాలుగో మనిషి తెలియదు. అత్తగారు బందరు దగ్గర సముద్రపు పల్లెలో, వలలు అల్లే ఇంట్లో పుట్టి, రైల్వే ఉద్యోగం చేసే మా మామగారిని పెళ్లాడి కాజీపేట వచ్చారు. ముప్పై ఏళ్లలో ఆమె మాట పూర్తిగా ఇక్కడిదైపోయింది. తమ్ముడు వచ్చిన రోజు మాత్రం నాలుక సముద్రం వైపు తిరిగేది.

ఆ తమ్ముడు, అంటే మా ఆవిడ మేనమామ, ఏటా ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక శుక్రవారం వచ్చేవారు. ఉపవాస శుక్రవారాల్లో మాంసం ముట్టని నిష్ఠాపరులం మేము. అందుకని ఒక్కొక్కరం ఆరేసి చేప ముక్కలతో శరీరాన్ని కఠినంగా శిక్షించుకునేవాళ్లం. ఆయన గంపలో ఐసు, ఐసు మీద ఊక, ఊక కింద నా చెయ్యంత మాగ. చెయ్యంత అన్నాను గానీ, ఒకసారి తెచ్చినదానికి టికెట్టు అడగని టీసీది నిజంగా పెద్ద మనసు. “పెట్టెల్లో పై ఊళ్లకు పంపేటప్పుడు సాల్మన్ అని రాస్తారండి అల్లుడుగారూ. మన పళ్లెంలోకొచ్చాక మాగే,” అని నవ్వేవారు. అక్క కంచంలో తల ముక్క వేసి, ఆమె తిన్నాకే తాను తినేవారు. వాళ్లింట్లో అదే పద్ధతి: మాగ తల ఇంటి ఆడపడుచుది.

ఒక ఏడు ఆయన వచ్చిన శుక్రవారమే మా విచారణ చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ గారు భోజనానికి వచ్చారు. విదేశాల్లో చదివిన మనిషి. అత్తగారు పట్టుచీర కట్టారు, పింగాణీ పళ్లాలు దించారు. పులుసు వడ్డిస్తూ, “సాల్మన్ ఫాదర్. మీ కోసమని స్పెషల్‌గా తెప్పించిన,” అన్నారు. పంచె ఎగగట్టుకుని వరండాలో గంప కడుగుతున్న మనిషిని చూపిస్తూ ఫాదర్ గారు, “ఆయన ఎవరమ్మా?” అని అడిగారు. అత్తగారి గరిటె ఒక్క క్షణం ఆగింది. “మా ఊరాయన ఫాదర్. చేపలు తెస్తుంటడు.”

సువార్తలో శిష్యుడు ‘ఆయన్ని ఎరగను’ అన్నాక కూసిన కోడి ఇక్కడ కూయలేదు. రైల్వే క్వార్టర్లలో కోళ్లు లేవు. గంప మీద నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రం ఆగిపోయింది. తల ముక్క ఫాదర్ గారి పళ్లెంలోకి వెళ్లింది. నేను చేతులు కడుక్కునే నెపంతో వరండాలోకి వెళ్లేసరికి ఆయన చొక్కా తొడుక్కుంటున్నారు. “తినకుండా వెళ్తారా?” అన్నాను. “బండి వేళైపోతోందండి. అక్కకి పనుంది, పిలవకండి.” ఆయన బండికి ఇంకా మూడు గంటల టైముంది.

సాయంత్రం మా మామగారు ఒక్కటే మాటన్నారు. “చేపకు ఇంగ్లీషు పేరు పెడితివి, మంచిగనే ఉన్నది. తమ్మునికి ఏం పేరు పెట్టినవే?” అత్తగారు పింగాణీ పళ్లాలు తుడిచి పైన పెట్టేశారు.

మరుసటేడు గంప రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. “ఒక్కసారి పోయి రారాదు అత్తమ్మా,” అంటే, “చిన్నోడు వాడు. వాడే రావాలె,” అనేవారు. కానీ తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం ఆకుకూరలకని సంచి పట్టుకుని స్టేషన్ వైపు వెళ్లేవారు. కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఆకుకూరలు అమ్మరు. బందరు వైపు నుంచి వచ్చే బండి వెళ్లిపోయాక ఖాళీ సంచితో వచ్చి, “ఇయ్యాల మంచియి లేవు బిడ్డా,” అనేవారు. మాగ ఆమె మళ్లీ ముట్టలేదు, మా కోసం కూడా వండలేదు.

నాలుగో ఏడు కబురొచ్చింది. తమ్ముడికి పక్షవాతం, కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. విన్న గంటలోపు అత్తగారు బయల్దేరారు. నేను వెంట వెళ్లాను. ఆ ఇంటికి వెళ్లి ఆయన మంచం పక్కన ఆమె ఏడుస్తారనుకున్నాను. కొంగు దోపి, మరదలిని పొయ్యి దగ్గర్నుంచి తప్పించి, మాగ తెప్పించి, తనే కోసి పులుసు పెట్టారు. తల ముక్కలో ముళ్లన్నీ ఏరి అన్నంలో కలిపి ముద్ద చేసి, “తమ్ముడూ, మాగరా... మన మాగ,” అన్నారు. వినిపించలేదేమోనని మళ్లీ అన్నారు. మూడోసారి మాగ అనలేదు. “నా తమ్ముడివిరా నువ్వు. ఆ పూట ఆ మాట అనలేకపోయానురా.”

ఆయన పని చేసే ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నారు. ముద్దను తన నోటికి కాదు, ఆమె నోటి వైపు తోశారు. ఆమె తినేదాకా చెయ్యి వదల్లేదు. ఆ తర్వాతే నోరు తెరిచారు.

ఈస్టరు రాకముందే ఆయన పోయారు. కాజీపేట నుంచి ఆ ఊరికి ఒక్క పూట ప్రయాణం. అత్తగారికి నాలుగేళ్లు పట్టింది.