గార్డు చీలమండ కోసం ప్రార్థన

అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్‌ టోర్నమెంటుకి ఫోన్‌లో ఫ్యాంటసీ జట్టు కట్టడం నా పిచ్చి. మనం ఎంచుకున్నవాడు అక్కడ బాగా ఆడితే ఇక్కడ మనకి పాయింట్లు. ఆ రోజు నేను నమ్ముకున్న ఆటగాడు, గార్డు స్థానంలో ఆడేవాడు, దరిద్రుడు, చీలమండ బెణికించుకున్నాడు.

సాయంత్రం భవానీపురంలో మా ఇంట్లోనే ప్రార్థన కూడిక. "ప్రార్థన అవసరతలేమైనా ఉన్నాయాండీ?" అని పాస్టరుగారు అడగ్గానే ఆట సంగతి దాచి, ఒక కుర్రాడి కాలు బెణికిందని చెప్పేశాను. "ఎవరి బిడ్డో పాపం!" అంటూ మా అత్తయ్య మోకరించింది. అందరూ కళ్లు మూసుకుని కన్నీళ్లతో వేడుకున్నారు.

తెల్లారేసరికి వాడు ఆడి, అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టాడు. కాలెలా ఉందని అత్తయ్య అడిగితే నయమైందని చెప్పక తప్పలేదు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు, "లేచి సాక్ష్యం చెప్పండి" అన్నారు. సంఘమంతా చప్పట్లు.

ఏం చెప్పను? వాళ్లు కళ్లు మూసుకున్నప్పుడే నేను ఫోన్‌ తీసి, ఎందుకైనా మంచిదని వాణ్ణి జట్టులోంచి తీసేశాను.