కావాలనే కారిన పెన్ను

పెన్నుల మేస్త్రి గోళ్ళు ఎప్పుడూ నీలంగానే ఉండేవి. సబ్బు, సున్నిపిండి, ఇటుకపొడి అన్నీ అయ్యాయి. పుట్టినప్పుడు అవీ అందరి గోళ్ళలాంటివేనని ఆయన అంటాడు గానీ, భార్య దానికి సాక్ష్యం చెప్పదు. ఆమె కాపురానికి వచ్చేసరికే అవి అలా ఉన్నాయి.

రిపేరు కొట్లు ఎక్కడైనా ఒక్కలాగే ఉంటాయి. ఊళ్ళు పట్టి తిరిగినవాళ్ళను అడగండి, చెబుతారు. గడియారాలవాడి గోడ గడియారం ఆగిపోయి ఉంటుంది, గొడుగులవాడు వానలో తడుస్తూ ఇంటికి పోతాడు. మన మేస్త్రి కొట్టులో మాత్రం కారే పెన్ను ఒక్కటీ ఉండేది కాదు. ఆయన ప్రత్యేకత పిస్టన్ పెన్నులు. వెనక మర తిప్పితే లోపల పిస్టన్ పైకి జరిగి, బుడ్డిలోని సిరాను తనే పీల్చుకునే రకం. తండ్రి నాటినుంచీ ఆ కొట్టుకో పట్టింపు ఉంది. బాగుచేసిన పెన్నును ఖాళీగా తిరిగివ్వకూడదు. సిరా నింపి, మూడు చుక్కలు వదిలి, పాళీ తుడిచి చేతికివ్వాలి.

తండ్రి పోయాక కొట్టు తమ్ముడైన మేస్త్రికి వచ్చింది, తండ్రి రాసుకున్న పెన్ను అన్నకు వెళ్ళింది. పంపకంలో ఎవరూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే అప్పుడే తేలిపోయేది. అన్న చదువుకుని హెడ్మాస్టరయ్యాడు, ఇల్లు కట్టాడు. కొత్త ఇంట్లో భోజనాలనాడు, బంధువులంతా కూర్చున్నాక, తమ్ముణ్ణి చూసి అన్నాడు:

"ముందు ఆ చేతులు కడుక్కుని రారా."

"కడుక్కునే వచ్చానన్నయ్యా."

"అయితే ఇంకోసారి కడుక్కో."

ఎవరో కిసుక్కున నవ్వారు. చేతులు కడుక్కోవడానికి లేచినవాడు పెరటి గుమ్మంలోంచి అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాడు. అది మొదలు అన్నదమ్ములకు మాటల్లేవు.

ఏళ్ళు గడిచాక ఒకనాడు వదిన కొట్టు మెట్ల మీద నిలబడింది. చేతిలో మామగారి పెన్ను.

"మర బిగుసుకుపోయింది మరిదీ. మీ అన్నయ్య రిటైరవుతున్నారు. సన్మానం నాడు దీంతోనే సంతకం పెట్టాలంటారు. బయట ఎవరికిచ్చినా పాడుచేస్తారట."

"అన్నయ్యే అన్నాడా?"

"'వాడి పొగరు సంగతి వేరు, పని మాత్రం వాడికే వచ్చు' అన్నారు."

ఆ ఒక్క మాటతో మేస్త్రి కొన్నాళ్ళు బతికాడు. పెన్ను విప్పి, గట్టిపడ్డ సిరా నానబెట్టి కడిగాడు. పిస్టన్ వాషరు కొత్తది వేశాడు. మర వేలితో తాకితే తిరిగేలా చేశాడు. చివరికి సిరా దగ్గర చిక్కొచ్చింది. తండ్రి వాడిన నీలినలుపు సిరా బుడ్డి అడుగున కాస్తే మిగిలింది. పాళీ పూర్తిగా మునగలేదు. పెన్ను సగమే నిండింది. తండ్రి పెన్నులో పూర్తిగా వేరే సిరా నింపడానికి మనసొప్పలేదు, మరోటి కలిపితే విరిగి గడ్డకడుతుంది. ఖాళీగా ఇద్దామా అంటే, పరాయివాడికే ఇవ్వనిది అన్నకెలా ఇస్తాడు? అవమానించాడనుకోడూ?

సగం నిండిన పిస్టన్ పెన్నుతో ఉన్న తంటా ఆయనకు తెలియనిది కాదు. సిరా తక్కువైతే లోపల గాలి ఎక్కువ. ఒంటి వేడి తగిలితే ఆ గాలి ఉబ్బి, సిరాను పాళీలోంచి బయటికి తోస్తుంది. "జేబులో పెట్టుకోవద్దను, బల్ల మీద పాళీ పైకి ఉండేట్టు పెట్టమను" అని వదినకు చెప్పాలని పొద్దుటినుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

వదిన వచ్చి, పెన్ను అందుకుంటూ మెల్లిగా అంది: "నువ్వూ రారాదూ. ఆయన పిలవమనలేదు, అబద్ధమెందుకు. వస్తే మాత్రం కాదనరు."

మేస్త్రి ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది.

సన్మానానికి వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు. హాలు జనంతో ఉడికిపోతోంది. అన్న తెల్లచొక్కా మీద కోటు వేసుకున్నాడు, పెన్ను లోపలి జేబులో ఉంది. పొగడ్తలు ఒకంతట తెమల్లేదు. సంతకానికి పిలిచేసరికి అన్న పెన్ను తీసి, మూత లాగాడు. మూతనిండా చేరిన సిరా అరచేతుల మీదుగా, చొక్కా మీదుగా, పక్కనున్న ముఖ్య అతిథి పంచె మీదకి జారింది. వెనకనుంచి పిల్లలు గొల్లుమన్నారు. అన్న తన నీలిచేతుల కేసి చూసుకుని, తలెత్తి చివరి వరస వెతికాడు.

మర్నాడు పొద్దున్నే కొట్టులోకి వచ్చాడు.

"ఏరా, కసి తీరిందా?"

"కూర్చో అన్నయ్యా."

"కూర్చోడానికి రాలేదు. ఒక్క ముక్క చెప్పు. పొరపాటా, కావాలని చేశావా? మీ వదిన పొరపాటే అంటోంది. అవునంటే నమ్ముతా. వీడికి పని వచ్చని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పడం నా బుద్ధి తక్కువ అనుకుని వదిలేస్తా."

మేస్త్రి బల్ల మీది పట్టకారు తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి మొదటి చోటే పెట్టాడు. అన్న నోట తన గురించి వచ్చిన మంచిమాట జన్మకంతా అదొక్కటే.

"పని రాక కాదు" అన్నాడు.

"అంటే కావాలనే."

"ఎలా అనుకుంటే అలా."

అన్న మరో మాట లేకుండా మెట్లు దిగిపోయాడు. లోపలినుంచి భార్య వచ్చింది.

"సిరా చాల్లేదని చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? వదినగారికి చెప్పడం మరిచానంటే సరిపోయేదిగా!"

"పని రాదనేవాడు."

"అననివ్వండి! అనేందుకైనా మనిషి మిగిలేవాడు."

అన్న ఊరుకోలేదు. తమ్ముడు చేసిన ద్రోహాన్ని కనబడ్డవాడికల్లా చెప్పాడు. విన్నవాళ్ళు ద్రోహాన్ని మరిచి, విద్యను మెచ్చుకున్నారు. సరిగ్గా సంతకం వేళకు కారేట్టు పెన్ను బిగించాడంటే మాటలా! కొట్టుకు బేరాలు పెరిగాయి. ఒక సాయంత్రం ఎవరో గుమాస్తా వచ్చి, అటూ ఇటూ చూసి, ఓ ఖరీదైన పిస్టన్ పెన్ను బల్ల మీద పెట్టాడు.

"మా ఆఫీసరుది. బాగుచేయించుకు రమ్మన్నాడు. మీ అన్నగారికి చేసినట్టే చెయ్యాలి. అర్థమైందిగా?"

"అది నేను చెయ్యలేదు బాబూ. పొరపాటు. సిరా సగమే ఉంది, జేబులో పెట్టొద్దని చెప్పడం మరిచిపోయాను."

గుమాస్తా కన్ను గీటాడు. "భలేవారే! మీ చేతిలో పొరపాటా? ఎవరైనా నమ్ముతారా?"

"పొరపాటే" అన్నాడు మేస్త్రి, ఈసారి గొంతు పెంచి.

గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు.