సైజు బాబాయి కొలత

చెప్పుల కొట్లో ముప్పయ్యేళ్ళుగా పనిచేస్తున్న సైజు బాబాయికి ఒక గర్వం ఉండేది. గుమ్మంలో మనిషి అడుగు పెట్టగానే, మొహమైనా చూడకుండా, "ఏడు. వెడల్పు పాదం. ఎడమది కాస్త పెద్దది" అని చెప్పేవాడు. పాదం కొలిచే పలక తెచ్చి చూస్తే అక్షరాలా అంతే ఉండేది. కాదని వాదించి బిగుతు జోడు కొనుక్కుపోయినవాళ్ళు వారం తిరక్కుండా కుంటుకుంటూ వచ్చి మార్చుకునేవారు. వాళ్ళని ఆయన పల్లెత్తు మాట అనేవాడు కాదు. అనాల్సిందంతా కొత్త పెట్టె మూత తెరిచే తీరులోనే అనేసేవాడు. ఆ వీధిలో ఆయన అసలు పేరు భార్యకూ బ్యాంకుకూ తప్ప ఎవరికీ గుర్తులేదు.

అంతటి మనిషి తన పాదం సంగతి నాలుగేళ్ళు కనిపెట్టలేకపోయాడు. ఎనిమిదో నంబరు జోడు బిగుతైతే, "కంపెనీలవాళ్ళు తోలు మిగుల్చుకోవడానికి సైజులు కుదించేశారు" అన్నాడు. తొమ్మిదికి మారాడు. అదీ కరిచింది. మూడు కంపెనీలకు ఘాటుగా ఉత్తరాలు రాశాడు. ఒక కంపెనీ క్షమాపణ చెప్పుకుని రెండు జతల మేజోళ్ళు బహుమతిగా పంపింది. అవీ పట్టలేదు. ఈలోగా వేళ్ళు లావెక్కాయి, దవడ ముందుకొచ్చింది, గొంతు బొంగురుపోయింది. "మీ మొహం మారిపోతోందండీ" అని భార్య మొత్తుకుంటే, "నీ మొహం మారలేదా? వయసు" అని కొట్టిపారేశాడు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు.

చివరికి బూట్లు కొనడానికొచ్చిన ఒక డాక్టరమ్మ, లేసు కడుతున్న ఆయన చేతులు చూసి, "మీ పాత ఫొటో ఏదైనా ఉందా?" అని అడిగింది. పదేళ్ళనాటి ఉత్తమ ఉద్యోగి ఫొటో గోడకే ఉంది. ఆవిడ ఫొటోనూ మనిషినీ మార్చి మార్చి చూసి, బూట్ల మాట మరిచిపోయి పరీక్షలకు చీటీ రాసిచ్చింది.

మెదడు అడుగున పీయూష గ్రంథి అని బఠాణీ గింజంతది ఒకటి ఉంటుందట. దాని మీద గడ్డ లేచి, ఎదిగే వయసు ఎప్పుడో దాటిన మనిషికి ఎదుగుదల హార్మోను ధారపోస్తోందట. ముక్కులోంచి వెళ్ళి అందినంత తీశారు. అందని దాని కోసం పెద్దాసుపత్రిలో కొత్త సూదిమందు మీద పరిశోధన జరుగుతోందనీ, చేరమనీ చెప్పి, నలభై రెండు పేజీల ఒప్పంద పత్రం చేతికిచ్చారు. సైజు బాబాయి దాన్ని అందరిలాగే చదివాడు, అంటే సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నాడు.

పరిశోధన కాగితాలన్నీ చూసే అమ్మాయిని అక్కడ ఫారాలమ్మాయి అనేవారు. ఆవిడే చెప్పింది: "పన్నెండు వారాలు రోజూ ఇంట్లోనే పొడుచుకోవాలి. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. మీకేది వచ్చిందో మీకు తెలియదు, నాకు తెలియదు, పెద్ద డాక్టరుగారికీ తెలియదు."

"మరెవరికి తెలుసమ్మా?"

"కంప్యూటర్‌కి."

ఈ గుట్టు కాపాడటానికి పెద్ద డాక్టరుగారు పడని పాట్లు లేవు. సీసాలన్నీ ఒకటే రంగు, చీటీలన్నీ ఒకటే అచ్చు, సంకేతాలు మూడు తాళాల వెనక. చీమైనా దూరదని విదేశాల సభల్లో చెప్పుకున్నారు.

చీమ దూరలేదు కానీ, సైజు బాబాయి దూరాడు. ఆరో వారం హార్మోను పరీక్షకు, పరిశోధనలో చేరిన పన్నెండు మందీ వచ్చి ఎదురెదురు బెంచీల మీద కూర్చున్నారు. ఆయన అలవాటు కొద్దీ తల వంచి చూశాడు. అయిదుగురి జోళ్ళలో మడమ వెనక వేలు దూరేంత సందు కనిపించింది. పెరిగిన ఎముక తరగదు గానీ, మందు పనిచేస్తే వాపు దిగుతుందని ఫారాలమ్మాయి మొదటిరోజే చెప్పింది. ఇంకేముంది, గాలికి పోయే కంపను నెత్తికి తగిలించుకున్నాడు. "నీకు మందు. నీకు నీళ్ళు. అమ్మా, మీకు మందే" అని వరసగా చెప్పేశాడు.

పక్కనే కూర్చున్న లారీ డ్రైవరు పాదాలు చాపాడు. "బాబాయ్, నాదో?"

"పదకొండు. వచ్చినప్పుడూ పదకొండే. నీవి నీళ్ళేరా అబ్బాయ్."

డ్రైవరు నవ్వుతూ లేచాడు, నవ్వుతూనే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి సూది పొడుచుకోలేదు, ఫోను ఎత్తలేదు.

సంగతి పొక్కి, పరిశోధనను పర్యవేక్షించే సంఘం సమావేశమైంది. మూడు గంటలు చర్చించి, రోగులందరూ ఇకమీదట మోకాళ్ళదాకా నీలం గుడ్డసంచులు తొడుక్కుని రావాలని తీర్మానించింది. సంచిలోంచి కూడా సైజు పట్టగలడా అని ఒక పెద్దమనిషికి సందేహం వస్తే, దాన్ని వేరే పరిశోధనగా చేపట్టవచ్చని రాసుకున్నారు. "ఇతరుల పాదాల వంక చూడను" అని సైజు బాబాయి చేత మూడు ప్రతుల మీద సంతకం చేయించారు. డ్రైవరు ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఎత్తింది ఫారాలమ్మాయే. "ముప్పై ఒకటో పేజీ చదివారా?" అని నిలదీసింది. "పన్నెండు వారాలు పూర్తిచేసిన ప్రతివాళ్ళకీ, నీళ్ళు వచ్చినవాళ్ళకైనా సరే, ఆ తర్వాత రెండేళ్ళు అసలు మందే ఇస్తారు. వరసగా ఏడు రోజులు సూది తప్పితే పేరు కొట్టేస్తారు. ఆయనకి ఇవాళ్టికి అయిదు. ఈ జబ్బుకి గుండె ఇప్పటికే పెద్దదైపోయింది. ఇలాంటి మందులు బయట కొనే తాహతు ఆయనకి లేదు."

సైజు బాబాయి జీవితంలో మొదటిసారి, కొలత కరెక్టుగా చెప్పినందుకు సిగ్గుపడ్డాడు.

డ్రైవరు ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఈ జబ్బుతో మోకాళ్ళు ముందే అరిగిన సైజు బాబాయి అంతస్తుకోసారి గోడకి ఆనుకుంటూ ఎక్కాడు. డ్రైవరు తలుపు తీసి కుర్చీ వేశాడు. మంచినీళ్ళిచ్చాడు. ముప్పై ఒకటో పేజీ సంగతి మొత్తం విన్నాడు.

"ఇప్పుడు మందో నీళ్ళో చెప్పకుండా నీళ్ళిచ్చారు. రేపు మందని ఏమిస్తారో ఎవడు చూశాడు?" అన్నాడు. "వాళ్ళ కాగితాలు నేను నమ్మను బాబాయ్. నీ కొలత ఒక్కటే నమ్ముతా."

సైజు బాబాయి సంచిలోంచి పలక తీశాడు. "నిలబడు."

డ్రైవరు పలక మీద నిలబడ్డాడు. ఆయన మోకాలు నేలకి ఆనించి వంగి, జరిగే చెక్కను బొటనవేలి దాకా తోశాడు. అది పదకొండు గీత మీద కచ్చితంగా ఆగింది. వెంట్రుకవాసి కూడా ఇటు రాలేదు.

"పదిన్నర" అన్నాడు సైజు బాబాయి. "ఆ రోజు నువ్వు కూర్చుని ఉన్నావు. కూర్చుంటే పాదం పెద్దగా కనిపిస్తుంది. పొరపాటు నాదేరా."

కూర్చుంటే పాదం చిన్నదవుతుందే గానీ పెద్దదవదని చెప్పులు అమ్మే ప్రతివాడికీ తెలుసు. డ్రైవరు పలక దిగాడు. చెవులు ఎర్రబడుతుంటే సైజు బాబాయి తలెత్తకుండా పలకను తుడుస్తూ కూర్చున్నాడు.

డ్రైవరు కుర్చీలో కూర్చుని తన పాదాల వంక చూసుకున్నాడు.

"పొద్దున కూడా నా బూటు కరిచింది బాబాయ్" అన్నాడు. "ముప్పయ్యేళ్ళలో ఒక్కడికీ తప్పు సైజు చెప్పనివాడివి. ఆ మోకాళ్ళతో ఇన్ని మెట్లెక్కొచ్చి నాకు చెబుతున్నావంటే, ఆ పేజీలో నిజంగానే ఏదో ఉండుంటుంది."

లేచి ఫ్రిజ్ తలుపు తీశాడు. సీసాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒకటి తీసి, సూదిలోకి ఎక్కించి, పొట్ట మీద చర్మం పట్టుకున్నాడు. అవి ఉత్త ఉప్పునీళ్ళని ఇద్దరికీ తెలుసు. అయినా ఒక్క చుక్క కింద పడకుండా పొడుచుకున్నాడు.